రిమార్కుల గడిలో మా అమ్మాయి

ఉద్యోగంలో ఉండగా ఇరవై ఏళ్ళకు పైగా ఇతరుల పెన్షను కాగితాలు తయారుచేసినవాణ్ణి నేను. అమలాపురంలో కాలవల ఆఫీసు. నా బల్ల ముందుకి కాలవ గట్లు కాపలా కాసే లస్కర్లు వచ్చేవారు, ఇంజనీర్లూ వచ్చేవారు. ఆ కాగితాల్లో పుట్టుమచ్చలు రాయాలి, భార్యతో కలిసి తీయించుకున్న ఫోటో అంటించాలి, కుటుంబంలో ఎవరెవరున్నారో పుట్టిన తేదీలతో సహా వరసగా రాయాలి. ఎంత పెద్ద ఇంజనీరుగారైనా పుట్టుమచ్చ అడిగేసరికి చొక్కా చెయ్యి పైకి మడిచి వెతుక్కునేవారు. దొరక్కపోతే, "ఉండండి, ఇంట్లో అడిగొస్తాను," అని లేచేవారు.

కుటుంబ సభ్యుల పట్టికలో చిట్టచివరి గడి రిమార్కులు. దాన్ని చాలామంది వదిలేస్తారు. నేను వదలనిచ్చేవాణ్ణి కాదు. "రాయడానికి ఏమీ లేకపోతే లేదు అని రాయండి. ఇవాళ మీరు ఖాళీ వదిలితే రేపు మీ వాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరగాలి," అనేవాణ్ణి. ఈ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆఫీసులో కుర్రాళ్ళు నా వెనక నన్ను అనుకరించేవారని కూడా తెలుసు.

నా రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉందనగా నా కాగితాలు నేనే నింపి, ఆ సీటులో అప్పుడు పనిచేస్తున్న జూనియర్ అసిస్టెంటుకి ఇచ్చాను. ఆమెకి ఆ పని నేర్పింది నేనే. కాగితం మీద వేలు పెట్టి ఒక్కో గడీ చూసుకుంటూ పోవడం కూడా నా దగ్గర నేర్చుకున్నదే. ఆ వేలు చివరికి వచ్చి ఆగిపోయింది.

"సార్, రిమార్కులు ఖాళీగా ఉందండి."

"ఉండనీ అమ్మా."

"అదేంటండీ! ఎవరైనా ఖాళీ వదిలేరంటే మీరు అగ్గి మీద గుగ్గిలమైపోయేవారు కదండీ. సార్వారి వరకూ వచ్చేసరికి రూలు మారిపోయిందాండీ?" అని నవ్వింది. నేను నవ్వకపోవడం చూసి తనూ మానేసింది. గొంతు తగ్గించి, "అమ్మాయిగారి పేరు ఎదురుగానేనండి ఖాళీ," అంది.

ఆ అమ్మాయికి అప్పటికి ముప్పై మూడేళ్ళు. మా పెద్ద పిల్ల. తర్వాత ఒక కొడుకు, వాడు రావులపాలెంలో ఉద్యోగం చేసుకుంటూ అక్కడే కాపురం పెట్టాడు. అమ్మాయి నడక ఆలస్యం, మాట ఇంకా ఆలస్యం. ఐదో ఏట కాకినాడ తీసుకెళ్ళి చూపిస్తే పెద్ద డాక్టరుగారు పరీక్ష చేసి, బుద్ధిమాంద్యం అని కాగితం మీద రాసి ఇచ్చారు. తిరుగు ప్రయాణంలో యానాం దగ్గర పంటు మీద గోదావరి దాటాం, అప్పటికి అక్కడ వంతెన లేదు. రేవు దిగాక కాగితం ఏదని అడిగితే నా భార్య, "నీళ్ళలో వేసేశాను," అంది. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

పద్దెనిమిదో ఏటి నుంచి డైరీ రాస్తున్నాను. జూనియర్ అసిస్టెంటు అడిగిన ఆ సాయంత్రం ఇంటికి వచ్చి పాత డైరీలు దించి చూశాను. "అమ్మాయికి జ్వరం, కాఫీ ముట్టలేదు." "అమ్మాయి ఈ రోజు ఏడు దాకా లెక్కపెట్టింది." "సండే స్కూలులో అమ్మాయి తోటివాళ్ళు పై తరగతికి వెళ్ళారు. మా అమ్మాయి చిన్నపిల్లల దగ్గరే ఉంటానంది." అలాంటివి వందలున్నాయి. డాక్టరుగారి మాట మాత్రం ఆనాటి నుంచి ఉన్న ఇరవై ఎనిమిది డైరీల్లో ఎక్కడా రాయలేదు. సర్వీసు రిజిస్టరులోనూ రాయలేదు. మధ్యలో కుటుంబ వివరాలు మూడుసార్లు కొత్తగా ఇచ్చాను. మూడుసార్లూ ఆ గడి ఖాళీగానే పంపాను.

రూలు నాకు బాగా తెలుసు. పెన్షను నాకు వస్తుంది. నా తర్వాత అందులో కొంత నా భార్యకి వస్తుంది. ఆమె తర్వాత ఆగిపోతుంది. సంపాదించుకోలేని బిడ్డ ఉంటే మాత్రం ఆగదు, ఆ బిడ్డకి బతికున్నన్నాళ్ళూ వస్తుంది. దానికి డాక్టర్ల సర్టిఫికెట్ కావాలి. తండ్రి ఉండగానే కాగితాల్లో ఆ బిడ్డ సంగతి ఎక్కితే తర్వాత వాళ్ళకి పని సులువవుతుంది.

ఇది ఇంట్లో చెప్పాలి. రెండు వారాలు వాయిదా వేశాను. చివరికి ఒక ఆదివారం ప్రార్థన అయి గుడి నుంచి వచ్చి భోజనాలయ్యాక, పుట్టుమచ్చల దగ్గర మొదలుపెట్టాను.

"నావి రాసుకున్నాను. నీవి చెప్పు."

"ముప్పై అయిదేళ్ళ కాపురం చేసి, నావి నన్నడుగుతున్నారా? మీవి ఏం రాసేరో చదవండి."

చదివాను. "కుడి చేతి మీద అంటారేంటండీ, అది కాలిన మచ్చ. మీ పుట్టుమచ్చ ఎడం చెవి వెనకాల ఉంది. మీకెప్పుడు కనపడింది గనక," అంది. కొట్టేసి దిద్దుకున్నాను. ఆమె మెడ మీద ఉన్నది నాకు గుర్తుంది, అది చెప్పాక కాస్త మెత్తబడింది. అప్పుడు ఒక తెల్లకాగితం మీద మూడు గీతలు గీసి, పైన నన్ను రాసి, కింద ఆమెను రాసి వివరించాను. ఆమె వింటూ వక్కలు కత్తిరిస్తోంది.

"మీ తర్వాత నాకు. తర్వాత?"

అంతకుముందు నేను ఎన్ని బీమా కాగితాలు ముందు పెట్టినా, తర్వాత అనే మాట ఆమె అడగలేదు. మూడో గీత మీద అమ్మాయి అని రాశాను. దానికి పెన్షను రావాలంటే ఏం కావాలో చెప్పాను. అడకత్తెర పక్కన పెట్టేసింది.

"నా పిల్లని అలా కాగితం మీద ఎక్కించొద్దండి."

"ఎక్కించకపోతే ఎలా గడుస్తుంది?"

"తమ్ముడున్నాడు కదండీ."

"ఉన్నాడు. బాగానే చూస్తాడు. దాని సబ్బూ, దాని చీరా, దాని మందూ వాణ్ణి అడిగి కొనుక్కోకుండా ఉంటే బాగుంటుందని నా ఉద్దేశం."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాలుగు రోజులు నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. ఐదో రోజు పొద్దున్న కాఫీ గ్లాసు నా ముందు పెడుతూ, "ఆ డాక్టర్లు ఏం అడుగుతారంట?" అంది.

సరేనన్నదని సంతోషపడ్డాను. మా ఊరి సచివాలయానికి వెళ్ళి, వికలాంగుల సర్టిఫికెట్లు ఇచ్చే సదరం శిబిరానికి స్లాటు తీసుకున్నాను. అంతటితో ఆగలేదు. అంతకుముందు పిల్లల్ని తీసుకెళ్ళిన ఇద్దరు ముగ్గుర్ని కలిసి, ఏమేం అడిగారో కనుక్కుని, నా అలవాటు ప్రకారం వరస నంబర్లు వేసి కాగితం మీద రాసి ఆమెకి ఇచ్చాను. పేరేంటి, ఊరేంటి, ఇవాళ ఏ వారం, నోటు చూపిస్తే అది ఎంత, ఆవుకి ఎన్ని కాళ్ళు. తెలిసుంటే మంచిదని ఇచ్చాను, అంతకన్నా ఆలోచించలేదు.

ఆమె ఆ కాగితం తీసుకుని అమ్మాయికి పాఠం మొదలుపెట్టింది. పూలు కడుతూ, జడ వేస్తూ, అన్నం పెడుతూ అదే పని. స్లాటు గురువారం వచ్చింది కాబట్టి పదిహేను రోజులూ మా ఇంట్లో గురువారమే.

"ఇవాళ ఏ వారమే తల్లీ?"

"గురువారం!"

"నా బంగారం."

ఆదివారం గుడి మెట్లు ఎక్కుతూ కూడా గురువారం అంది. పాస్టరుగారు తల నిమిరి, "అయితే ఇవాళ నాకు సెలవే," అన్నారు. గుడి గుమ్మంలో అందరి చెప్పులూ జతలు జతలుగా సర్దడం మా అమ్మాయి పని. ఎవరి చెప్పులు ఎవరివో ఎప్పుడూ పొరపాటు పడదు. ఆ ఆదివారం చెప్పులు సర్దుతూ కూడా ఆవుకి నాలుగు, ఆవుకి నాలుగు అనుకుంటూనే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. ఇతరుల కాగితాల్లో చిన్న తప్పు కనిపిస్తే ఎర్ర సిరాతో గుండ్రం చుట్టే మనిషిని, ఇందులో తప్పు ఉందని నాకు తట్టలేదు.

గురువారం పొద్దున్నే మా ఊరు రాజోలులో అమలాపురం ఆస్పత్రికి బస్సెక్కాం. అమ్మాయికి కొత్త చీర, తలలో కనకాంబరాలు, పరీక్షకి పంపినట్టే తయారుచేసింది నా భార్య. ఆస్పత్రి వరండాలో పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, చక్రాల కుర్చీలవాళ్ళు చాలామంది ఉన్నారు. మా వంతు వచ్చేసరికి పదకొండయింది. డాక్టరుగారు చిన్న వయసతను, మర్యాదస్తుడు. కుర్చీ తనే దగ్గరికి జరిపి అమ్మాయిని కూర్చోమన్నాడు.

పేరు చెప్పింది. ఊరు చెప్పింది. వారం అడిగితే గట్టిగా గురువారం అంది. నిజంగానే గురువారం. ఆవుకి నాలుగు అంది, అడగకుండానే కోడికి రెండు అని కూడా అంది. జేబులోంచి నోటు తీసి చూపిస్తే అదీ సరిగ్గా చెప్పింది. "మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?" అంటే, "కాలవలాఫీసండి, ఆయ్," అంది.

"బాగానే చెప్తోందండీ," అన్నాడు డాక్టరుగారు, పెన్ను బల్ల మీద పెట్టి.

నా భార్య ముఖం వైపు చూశాను. బుగ్గలు ఎర్రబడ్డాయి. ముప్పై మూడేళ్ళలో ఒక డాక్టరు నోటి నుంచి తన బిడ్డ గురించి ఆ మాట వినడం అదే మొదటిసారి. అప్పుడు అర్థమైంది నాకు మేం చేసిన పని. చెప్పాలని నోరు తెరిచాను. ఆ ముఖం చూస్తూ చెప్పలేకపోయాను. డాక్టరుగారు కాగితం తిరగేశాడు, ఇంకో పేరు పిలవడానికి గుమ్మం వైపు చూశాడు.

నా భార్య లేచి నిలబడింది.

"బాబూ, అవన్నీ నేను నేర్పినవేనండి."

"అంటే ఏంటమ్మా?"

"పదిహేను రోజులు కూర్చోబెట్టి నేర్పేనండి. మీరేం అడుగుతారో ఈయన రాసుకొచ్చేరు." నా వైపు చెయ్యి చూపించింది. తర్వాత కూతురి దగ్గరకు వంగి, "తల్లీ, నిన్న ఏ వారమే?" అంది.

"గురువారం."

"రేపో?"

"గురువారం," అని అమ్మాయి మెచ్చుకోలు కోసం వాళ్ళమ్మ ముఖంలోకి చూసింది. ఆమె బుగ్గ నిమిరి, డాక్టరుగారి వైపు తిరిగింది. "అన్నం పక్కన పెట్టి వెళ్తే వడ్డించుకోదండి. ఆకలేస్తే ఆకలని చెప్పదు, ఏడుస్తుంది. పొయ్యి దగ్గరికి రానివ్వను. ఒక్కత్తీ ఎక్కడికీ వెళ్ళలేదండి. మేం లేకపోతే అది బతకలేదు. రాసుకోండి."

అంత వరకూ నిబ్బరంగానే చెప్పింది. కూతురి తలలో పూలు సర్దుతూ, "ఎవరైనా ఏడుస్తుంటే మాత్రం వెళ్ళి పక్కన కూర్చుంటుందండి. ఎవరూ నేర్పలేదు దానికి. అది కూడా రాస్తారా?" అంది.

"దానికి ఇందులో చోటు లేదమ్మా," అన్నాడు డాక్టరుగారు. పెన్ను మళ్ళీ తీసి, ఈసారి నెమ్మదిగా, బొమ్మలు చూపించి, చెక్క ముక్కలు పేర్పించి ఇంకో అరగంట పరీక్ష చేశాడు.

బయటికి వచ్చాక అమ్మాయి, "అమ్మా, నేను పాసయ్యేనా?" అంది. "పాసయ్యేవే తల్లీ," అని బస్టాండులో తేగలు కొనిపెట్టింది. దారి పొడుగునా అమ్మాయి తేగలు నములుతూ కిటికీలోంచి చూసింది. నా భార్య కళ్ళు మూసుకుని కూర్చుంది. నేను ఆమె చేతి మీద చెయ్యి వేశాను, జనం ఉన్నారని తీసేసుకోలేదు.

సర్టిఫికెట్ వచ్చాక కాగితం నా ఎదుటే పెట్టుకుని, ఆ గడిలో బుద్ధిమాంద్యం, సంపాదించుకోలేని బిడ్డ అని రాశాను. రెండు మాటలూ నా దస్తూరీలోనే ఉన్నాయి, కాస్త వంకరగా. జూనియర్ అసిస్టెంటు వేలు పెట్టి చదివి, "సరిపోయిందండి," అని మాత్రం అంది. కొన్ని నెలలకి పెన్షను ఉత్తర్వు ఇంటికి వచ్చింది. నా భార్య కళ్ళజోడు పెట్టుకుని తన పేరు చూసింది, దాని కింద కూతురి పేరు చూసింది. "అచ్చులో బాగానే ఉంది దాని పేరు," అంది.

ఇదంతా జరిగి ఆరేళ్ళయింది. ఇప్పుడు మా వీధరుగు మీదికి పెన్షను సందేహాలతో మనుషులు వస్తుంటారు. రూళ్ళు నన్ను అడుగుతారు. ఇలాంటి పిల్లలున్న తల్లులు మాత్రం నా భార్యని అడుగుతారు. పోయిన నెల కొత్తపేట నుంచి ఒకావిడ పాతికేళ్ళ కొడుకుని తీసుకుని వచ్చింది. భర్త స్కూల్లో అటెండరు, వచ్చే ఏడు రిటైరవుతాడు. కొడుకు సిగ్గుపడి తల్లి కొంగు వెనక నిలబడ్డాడు. మా అమ్మాయి వెళ్ళి వాడి పక్కన నిలబడింది.

"అక్కగారూ, ఏం అడుగుతారో చెప్తే వీడికి నాలుగు ముక్కలు నేర్పుకుంటానండి," అంది ఆవిడ.

"ఏమీ నేర్పకండి. ఇంట్లో ఎలా ఉంటాడో అలాగే తీసుకెళ్ళండి. వాళ్ళు అడిగినవాటికి వాడేం చెప్తే అదే చెప్పనివ్వండి," అంది నా భార్య.

"పదిమందిలో ఏమీ చెప్పలేకపోతే నాకు ఏడుపొచ్చేస్తుందండి."

"వస్తుందండి. నాకూ వచ్చింది. ఆ రోజు వాడికి ఇష్టమైంది ఏదైనా కొనిపెట్టండి, ఇంటికెళ్ళాక మీరూ తినండి. రండి, కాఫీ తాగి వెళ్దురుగాని."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. నేను ఆవిడ భర్త పుట్టిన తేదీ అడగడం మర్చిపోయానని గుర్తొచ్చి, కాగితం పట్టుకుని వాళ్ళ వెనకే వంటింట్లోకి వెళ్ళాను.