అచ్చంపేట అవతల మా నాయిన పాట

అరవైల మొదట్లో ఒక జూన్ నెల. తెల్లవారి ఆరు గంటలకు నేనూ మా నాయినా నల్లగొండలో మహబూబ్‌నగర్ బస్సు ఎక్కాము. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. మిషన్ వారి చిన్న బడిలో పిల్లలకు అక్షరాలు చెప్పేదాన్ని. టీచర్ ట్రైనింగ్ లేదు. లేనివాళ్లను ఎప్పుడైనా తీసేయవచ్చని అందరూ అంటూనే ఉన్నారు. రెండు సార్లు దరఖాస్తు పెడితే రెండు సార్లూ సీటు రాలేదు. మూడోసారి మహబూబ్‌నగర్‌లో ఇంటర్వ్యూకు రమ్మన్నారు. ఒక్కదాన్నే పంపడం ఇష్టం లేక నాయిన బయలుదేరాడు.

నాయిన పేరు యాకోబు. డెబ్బై దాటాయి. పాస్టరుగారు రాలేని పల్లెల్లో ప్రార్థనలు నడిపి వాక్యం చెప్పే ఉపదేశిగా జీవితమంతా గడిపాడు. ఆయన సామానంతా ఒక గుడ్డసంచిలో పట్టేది. బైబిలు, ఒక ధోతి, అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు.

బస్సు నిండా జనం. దేవరకొండ దాకా నాయిన నిలబడే వచ్చాడు. పక్కన నిలబడ్డ రైతు అడిగాడు. "యాడికి పెద్దయ్యా?"

"పాలమూరుకు. మా బిడ్డకు ట్రైనింగుల సీటు దొర్కుతదేమోనని."

"గీ బస్సులనే సీటు దొర్కుతలేదు, గాడ ఎట్ల దొర్కుతదే?" అన్నాడు రైతు. బస్సంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది నాయినే. నాకు మాత్రం శకునం బాగాలేదనిపించింది.

ఎనిమిదిన్నరకు దేవరకొండలో చాయ్ తాగాము. అక్కడ నాయినకు కూర్చునే జాగా దొరికింది. పదిన్నరకు కల్వకుర్తి, పన్నెండుకు జడ్చర్ల, ఒంటిగంటకు మహబూబ్‌నగర్. దారి పొడుగునా దున్నిపెట్టిన ఎర్రచెల్కలు వానకోసం ఎదురుచూస్తున్నాయి. మూడు గంటలకు ఇంటర్వ్యూ. అడిగినవాటికి బాగానే చెప్పాననుకున్నాను. ఆ రాత్రి రైలు స్టేషను దగ్గర, మా సంఘానికి చెందిన ఒకరింట్లో పడుకున్నాము.

మరునాడు పదకొండుకు గోడమీద పేర్లు అంటించారు. పై నుంచి కిందికి రెండు సార్లు చదివాను. నా పేరు లేదు. నాయిన కండ్లజోడు సవరించుకుని మూడోసారి చదివాడు. ఎందుకంటే ఆయన నమ్మలేదు.

హోటల్లో అన్నం ముందు నాయిన కండ్లు మూసుకుని ఎప్పటిలాగే వందనాలు చెప్పాడు. నేను ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను. "దేనికి వందనాలు నాయినా?" అని అడిగేశాను.

ఆయనకు కోపం రాలేదు. పప్పు కలుపుకుంటూ, "అన్నానికి బిడ్డా. ఉడుకుడుకుగున్నది" అన్నాడు.

కొంచెం సేపటికి, "ఇంక రెండు దినాలు సెలవున్నది గద. అచ్చంపేట దిక్కు పోయొద్దమా?" అన్నాడు.

ఆ ఊరి సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను పుట్టకముందు, దాదాపు నలభై ఏళ్ల కింద, అచ్చంపేట అవతల అడవి అంచున గొర్లు కాసుకునే ఒక పల్లెలో ఆయన నాలుగేళ్లు పని చేశాడు. చిన్న బడి పెట్టాడు, పాటలు కట్టాడు, జ్వరాలకు మందులిచ్చాడు. నాలుగేళ్లలో ఒక్కరంటే ఒక్కరు బాప్తిస్మం తీసుకోలేదు. చివరికి అమ్మకు చలిజ్వరం ముదిరి, దవాఖాన ఉన్న ఊరికి వచ్చేశారు. ఆ పల్లె మాట వస్తే నాయిన, "గాడినుంచి నేను ఒట్టి చేతులతోటి వచ్చిన" అని ఊరుకునేవాడు. అట్లాంటి ఊరికి ఇవాళ ఎందుకో నాకు అర్థం కాలేదు. కానీ ఇంటికి వెళ్లి సీటు రాలేదని చెప్పడానికి నాకూ తొందర లేదు.

రెండు గంటలకు నాగర్‌కర్నూల్ బస్సు. అక్కడ మారి, చీకటి పడేవేళకు అచ్చంపేట చేరాము. బస్సులు ఆగేచోట సత్రం ఉంది. చాపలిస్తారు, నీళ్లకు లోటు లేదు. పొద్దున ఆరింటికి ఉప్పు బస్తాలతో ఆ దిక్కే పోతున్న ఎడ్లబండి దొరికింది. మూడు క్రోసుల దూరం. రాత్రి మొదటి వాన పడింది కాబట్టి నేల మెత్తగా ఉంది, బండి మెల్లగా పోయింది. దూరాన నల్లమల కొండలు నీలంగా కనబడుతుంటే నాయిన ఒక్కొక్క వాగు పేరు చెప్పుకుంటూ వచ్చాడు. సగం పేర్లు తప్పని బండాయన దిద్దాడు.

తొమ్మిదికి పల్లెలో దిగాము. ముప్పై ఇండ్లు ఉంటాయి. పెద్ద కొట్టం కింద మగవాళ్లు గొర్ల బొచ్చు కత్తిరిస్తున్నారు. బొచ్చు తీసిన గొర్లు సిగ్గుపడ్డట్టు ఒక మూల గుంపుగా నిలబడ్డాయి. అందరిలో పెద్దాయన బీరయ్య కత్తెర ఆపి చూశాడు.

"ఎవలు మీరు?"

"యాకోబును. నలబై ఏండ్ల కింద గీడ బడి పెట్టిన. యాదికున్ననా?"

బీరయ్య చాలాసేపు ఆలోచించాడు. "బడా? గసొంటిదేం యాదికి లేదు. కూసోండ్రి, మజ్జిగ తాగుండ్రి."

నాయిన ముఖం చూడలేక నేను తల తిప్పుకున్నాను. నిన్న గోడమీద కాగితంలో నా పేరు లేదు. ఇవాళ ఈ ఊళ్లో ఆయన పేరు లేదు. మజ్జిగ తాగి వెళ్లిపోదామని చెప్పబోయాను.

అప్పుడే కొట్టం వెనక ఉన్ని వడుకుతున్న ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు.

"పొద్దు పొడిచె లేవరె, గొర్లు అరిచె రారె,
తప్పిపోయిన గొర్రెకై తిరుగుతున్నడు కాపరి,
తొంభై తొమ్మిది గొర్లకూ బామ్మర్ది కావలి."

నాయిన చేతిలో మజ్జిగ ముంత అట్లాగే ఉండిపోయింది. "గది నా పాట బిడ్డా" అన్నాడు మెల్లగా. "బైబిల్ల కాపరి కథను ప్రభువు పిలిచె రారె అని కట్టిన. గీ బామ్మర్ది యాడికెల్లి వచ్చిండు?"

బీరయ్య విన్నాడు. కత్తెర కింద పెట్టి దగ్గరికొచ్చి నాయిన ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశాడు. "పాట పంతులువా? గట్ల చెప్పవేందే? బడి అంటివి, నాకెట్ల తెలుస్తది? మేం బడికి ఏనాడొచ్చినం, పాటకు వచ్చినం."

తర్వాత బామ్మర్ది సంగతి చెప్పాడు. "నువ్వు పోయినంక మా బాపు అన్నడు, పాట మంచిగున్నది గని, పంతులుకు గొర్ల సంగతి తెల్వదు. చిరుతపులులు తిరిగే జాగల తొంభై తొమ్మిదింటిని ఇడిచిపెట్టి ఒక్కదానికొరకు ఎవడన్న పోతడా? మందకాడ బామ్మర్దిని కావలి పెట్టిపోవాలె. గందుకని కలిపినం."

నాయిన నవ్వడం మొదలుపెట్టాడు. ముంతలోని మజ్జిగ ఒలికి ధోతి మీద పడింది. నవ్వుతూ కండ్లు తుడుచుకుని, "మీ బాపు చెప్పింది నిజమే" అన్నాడు. "నలబై ఏండ్లసంది నేను గది ఆలోచించనే లేదు."

పాట పంతులొచ్చాడని తెలిసి ఆడవాళ్లంతా వచ్చారు. వాళ్లలో మల్లవ్వ అనే ముసలమ్మ నాయిన ముందు కూర్చుంది. "నువ్వు పోయిన ఏడాదే మా ఆయన బొంబాయి దిక్కు కూలికి పోయిండు. మళ్ల రాలె" అంది.

"ఇంక రానే లేదా అమ్మా?" అని అడిగాడు నాయిన.

"రాలె. ఇద్దరు పోరగాండ్లు, పదకొండు గొర్లు. అడవిల ఒంటిగ తిరుగుకుంట గా పాట పాడుకునేదాన్ని. మీ దేవుడా, మా మల్లన్ననా, నేను అడగలె. ఎతికెటోడు ఒకడున్నడని అంటివి గద, నాకు గది సాలింది. భయం లేకుంట తిరిగిన." ఆమె గొర్ల గుంపు వైపు చేయి చూపింది. "గిప్పుడు గా గొర్లల సగం నావే."

 నాయిన ఆమెకు రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. నేను ఆయన్ను అట్లా ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ ఆయనే ఇంకొకరికి ధైర్యం చెప్పేవాడు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, మాంసం కూర పెట్టారు. వద్దన్నా వినలేదు. తినేముందు నాయిన, "మీకు అభ్యంతరం లేకపోతే ప్రార్థన చేస్త" అన్నాడు.

"చెయ్యి పంతులూ, గొర్లకు గూడ చెయ్యి. మొన్న గాలికుంటు వచ్చింది" అన్నాడు బీరయ్య.

గొర్ల కాళ్ల పుండ్లు మానాలని, వాన బాగా పడాలని, మల్లవ్వ మనుమలు చల్లగా ఉండాలని నాయిన అడిగాడు. పాపం, రక్షణ అనే మాటలేవీ రాలేదు. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. చివర ఆమెన్ అన్నది మేమిద్దరమే. తర్వాత వాళ్లు మళ్లీ పాట ఎత్తుకుంటే నాయినా గొంతు కలిపాడు, బామ్మర్ది చరణంతో సహా.

సాయంత్రం బండిలో అచ్చంపేటకు తిరిగొచ్చాము. ఆ రాత్రి సత్రంలో నిద్రపట్టక ఆయన్ను అడిగాను. "నాయినా, ఇన్నేండ్లు ఒట్టి చేతులనుకున్నవు గద. బాధ కాలేదా?"

"అయ్యింది బిడ్డా. శానా దినాలు అయ్యింది. ప్రార్థనల గూడ దేవుని మీద అలిగిన." నా వైపు తిరిగి అన్నాడు. "అలిగినా ఆయనతోనే మాట్లాడిన. ఇంకెవరితోటి మాట్లాడుత?"

నేను ఆయన చేయి పట్టుకుని పడుకున్నాను.

తిరుగు దారికి డిండి మీదుగా వచ్చాము. ఆ దిక్కు వెళ్లాలనుకునేవారికి చెప్తున్నాను, ఇదే దగ్గరి దారి. అచ్చంపేటలో ఏడింటికి బయలుదేరితే దేవరకొండలో మారి మూడింటికల్లా నల్లగొండ చేరవచ్చు. జూన్‌లో వెళ్తే గొడుగు మరవకండి. పల్లెల్లో మజ్జిగ ఇస్తే కాదనకండి.

డిండిలో నేరేడుపండ్ల గంపతో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. దోసెడు పండ్లు నా ఒళ్లో పోసి, "ఏం పనిమీద పోయొస్తున్నరు?" అని అడిగింది.

"ట్రైనింగు సీటుకు పోయినమమ్మా. రాలేదు."

"అయ్యో. మరి గంత సంబురంగ ఉన్నరేంది?"

 సీటు రాకపోవడం రాకపోవడమే. ఇంటికి పోయి అమ్మకు చెప్పాలి, బడిలో చెప్పాలి, మళ్లీ దరఖాస్తు రాయాలి. ఆ దుఃఖం ఎక్కడికీ పోలేదు. కానీ దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుని ఉంది, బస్సులో జరిగి జాగా ఇచ్చినట్టు నేనే దానికి చోటిచ్చాను. దాన్ని విశ్వాసం అనడానికి అప్పుడు నాకు సిగ్గేసింది. ఇప్పుడు సిగ్గులేదు.

"మా నాయినను చుట్టాలింటికి తీసుకపోయిన" అన్నాను ఆమెతో. "శానా ఏండ్లకు కలిసిండ్రు."

నాయిన కిటికీలోంచి తడిసిన చెల్కలను చూస్తూ, "నిజమే" అన్నాడు. పండు గింజ బయటికి ఉమ్మి ఇంకోటి అందుకున్నాడు.