బావగారు వచ్చినా వెయ్యని దీపం

కొత్తపేటలో ఇన్వర్టర్లు బాగుచేసే సత్యదుర్గారావు ఇంటి ముందుగదిలో సముద్రం ఉంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. మస్కట్‌లో ఒక హోటలు వారి చేపల తొట్లు పదహారేళ్లు కడిగి వచ్చాక, ఒక్క తొట్టయినా తనకోసం కడుక్కోవాలని ఆయన పెట్టుకున్నారు. అందులో రాళ్ల మీద పగడాలు, అంతర్వేదిలో వలకు చిక్కితే ప్రాణంతో తెచ్చిన మాంటిస్ రొయ్య ఒకటి. నెమలి ఈక నీళ్లలో నాని నాని కళ్లు తెరిచినట్టుంటుంది. ముంగాళ్లు మడిచి దణ్ణం పెడుతూ కూర్చుంటుంది. వాటితోనే నత్తగుల్లను ఒక్క దెబ్బకు పగలగొడుతుంది.

పగడాలకు వెలుగే అన్నం. ఈ రొయ్యకు ఎక్కువ వెలుగు పడదు. ఆ సంగతి దుర్గారావుకు తెలుసు. కానీ గుమ్మం ఎక్కినవాళ్లకు కాఫీ ఇవ్వకుండా, తొట్టి చూపించకుండా పంపడం ఆయన వల్ల కాదు. ఆ వేసవిలో శుభలేఖ పట్టుకొచ్చిన ప్రతి జంటకూ పెద్ద తెల్లదీపం వేశారు. ముహూర్తాలు చాలా ఉన్నాయి.

పెళ్లిళ్లు అయ్యేసరికి రొయ్య వీపు మీద గోరంత మచ్చ. వారానికి రెండింతలైంది. మస్కట్‌లో రెండు రొయ్యలు ఆ మచ్చతోనే పోవడం ఆయన చూశారు. పాత పెంకు విడిచి కొత్తది వేసుకుంటే బతుకుతుంది. లేకపోతే లేదు.

పెద్దదీపం విప్పేశారు. నాలుగు రోజులు బల్బులు మార్చి మార్చి, చివరకు సన్నటి నీలి ఎల్ఈడీ ఒకటి ఎంచి తొట్టికి ఒక పక్కనే వేలాడదీశారు. తక్కువ వెలుగుతో సరిపెట్టుకునే పుట్టగొడుగు పగడాలను దాని కిందికి చేర్చారు. మిగతావి రాజమండ్రి స్నేహితుడికి ఇచ్చేశారు. రొయ్య బొరియ వైపు మసక. నీళ్లలో వేకువ వచ్చి, ఇక చాల్లే అని ఆగిపోయినట్టుండేది.

నీలిదీపం పెట్టిన మూడో రోజు, పెంకు విడిచే ముందు చేసినట్టే, రొయ్య రాళ్లు మోసుకొచ్చి బొరియ మూసుకుంది. ఆ సాయంత్రమే రావులపాలెం నుంచి ఆయన భార్య అమ్మాజీ అన్నగారు నాగేంద్రబాబు అరటిగెలతో, నలుగురు స్నేహితులతో దిగారు.

"పెద్ద లైటెయ్యి బావా. మావోళ్లు దీన్ని చూడ్డానికే వచ్చేరు."

"వెయ్యనండి బావగారూ. ఒంట్లో బాలేదు."

"లైటుకా?"

"రొయ్యకండి."

"మా ఊళ్లో రొయ్యకి వేపుడేనయ్యా, జొరం ఉండదు!"

"కాఫీ తీసుకోండి."

ఐదుగురూ మసక గాజుకెదురుగా కూర్చుని కాఫీ తాగారు.

"టీవీ కూడా ఇలాగే చూపిస్తావా బావా?"

"ఆయ్."

నాగేంద్రబాబు భోజనానికి ఆగలేదు. అమ్మాజీ రెండు రోజులు భర్తతో మాట్లాడలేదు. మూడో రోజు, "మా అన్నయ్యకి ఒక్క లైటు వెయ్యలేకపోయేరు కదండీ," అంది. ఆయన తొట్టి ముందు కుర్చీ కాస్త దగ్గరికి లాక్కున్నారు.

బొరియ మూసుకున్న పదకొండో రోజు సాయంత్రం రాళ్లు కదిలాయి. ముందు మచ్చతో సహా ఖాళీ పెంకు బయటికొచ్చింది. తరువాత, కాడల మీద రెండు కళ్లు, చెరో వైపు చూస్తూ. తరువాత మచ్చలేని వీపు.

దుర్గారావు పిలిస్తే అమ్మాజీ వచ్చి పక్కన కూర్చుంది. ముందు ఏమీ కనపడలేదంది. కాసేపటికి మాట మానేసి చూసింది.

"అన్నయ్యకి ఫోన్ చెయ్యనాండీ?"

"పెంకు గట్టిపడాలి. వచ్చే వారం రమ్మను."

"వస్తే లైటెయ్యమంటాడు."

ఆయన ఆలోచించారు.

"కళ్లు మసకకి కుదురుకునేదాకా కూచోమందాం. రెండేసి కాఫీలిద్దాం."