రేడియో అరుగు మీద బుచ్చయ్య జాగా

సర్కారు నౌకరీ వాళ్లు దిగిపోతే పూలదండ వేసి ఫోటో తీస్తారు. నేతపని మనిషి మగ్గం దిగితే కండెలకు నూలు చుట్టమంటారు. అరవై ఆరో ఏట చూపు మందగించి, చేతులు వణకడం మొదలయ్యాక బుచ్చయ్యకు కూడా ఆ పదవే దక్కింది.

మాది రామన్నపేట దగ్గర నేతగాళ్ల ఊరు. అక్కడి చేనేత సంఘానికి నేను గుమాస్తాను. పందొమ్మిది వందల అరవై రెండులో సంఘానికి రేడియో వచ్చింది. దాని మీట తిప్పే అధికారం నాదే కాబట్టి ఆ రోజుల్లో నన్ను చూస్తే నాకే గౌరవం కలిగేది. పొద్దుగూకగానే మగ్గం దిగిన ముసలివాళ్లు తొమ్మిది మంది సంఘం అరుగు మీద చేరేవారు. వార్తలు విని, ఢిల్లీని చక్కదిద్ది, చైనా వాడికి బుద్ధి చెప్పి ఇళ్లకు పోయేవారు. బుచ్చయ్యకైతే రోజు మొత్తంలో ఆ గంటే బతుకు. మధ్యాహ్నం నుంచే "యాళ్లయిందా బిడ్డా?" అని కోడలు రాజమణిని సతాయించేవాడట.

ఢిల్లీ బాగుపడ్డాక వాళ్లు మా సంఘం మీద పడ్డారు. అక్కడే చిక్కు వచ్చింది.

"ఢిల్లీల మంత్రులనే నిలదీస్తాండ్రు. మన దశరథాన్ని అడిగెటోడు లేడా? మంచి నూలంత సుట్టాలకు, తెగే నూలు మనకు" అన్నాడు బుచ్చయ్య ఒకనాడు.

దశరథం మా సంఘం అధ్యక్షుడు. మహా ప్రజాస్వామికవాది. తనకు పడే ఓటునల్లా నెత్తిన పెట్టుకుంటాడు. కిందటిసారి అయిదు ఓట్లతో గట్టెక్కాడు. అరుగు మీద చూస్తే తొమ్మిది ఓట్లున్నాయి. వెంటనే ఆయనకు క్రమశిక్షణ గుర్తొచ్చింది. ఏడాదికి ఒక్క బట్టయినా సొంత చేత్తో నేసి ఇవ్వనివాడు సభ్యుడు కాడని, సభ్యుడు కానివాడు అరుగెక్కకూడదని తీర్మానం చేయించాడు. సర్వసభ్య సమావేశం దాకా గడువిచ్చాడు. ముత్యాల్లాంటి అక్షరాలతో ఆ తీర్మానం రాసింది నేనే. నౌకరీ పోతుందని భయం. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎనిమిది మంది కొడుకులు నేసిన బట్టలు తెచ్చి మావేనన్నారు. ఓటు నీకేనని దశరథం చెవిలో చెప్పారు. ఆయన చూపు కూడా ఠక్కున మందగించింది. బుచ్చయ్య మాత్రం చెవిలో ఏమీ చెప్పలేదు. ఇంటికి పోయి మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడు. ఒక్క తువ్వాలకు నెల పట్టింది.

సర్వసభ్య సమావేశం నాడు రాజమణి మామను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. దశరథం తువ్వాలను వెలుతురుకు పట్టి చూశాడు. ఎక్కడా వంక లేదు. అదే వంక అయింది.

"కాకా, గింత సాపుగ నీ చెయ్యి నేస్తదా? గిది నీ కోడలు నేత. నేసింది ఎవరో జెప్పు, రాసుకుంటం."

బుచ్చయ్య తువ్వాల అందుకుని అంచు మీద బొటనవేలు జరిపాడు. మొదటి జానకే వేలు ఆగిపోయింది. రాజమణి ముఖం తెల్లబోయింది.

"మామే నేసిండు. అంచు వంకరవోయింది, పోగులు ఎడమెడమున్నయి. మామ రేడియో కాడికి పోయినప్పుడు ఇప్పి మల్ల నేసిన. మా ఇంటి బట్ట గట్ల పోతె నలుగురు నవ్వరా?" అంది.

నవ్వితే నవ్వనీయవలసింది. ఆ వంకర అంచే ముసలాయనకు సాక్ష్యమని ఆ పిచ్చితల్లికి తట్టలేదు. చెడిపోయిన నేతను చూస్తూ ఊరుకునే చెయ్యి మా ఊళ్లో ఒక్కటి లేదు. నేనే నేసిన అని ఒక్క మాట గట్టిగా అనవయ్యా అని లోపల్లోపల మొత్తుకున్నాను. ఎనిమిది మంది అనలేదా?

"నాది కాదు" అన్నాడు బుచ్చయ్య. "గుమాస్తా సారూ, నా పేరు కొట్టెయ్యి. సంఘంల నా వాటా రాజమణి పేర రాయి. నేసింది ఆమెనే అని అధ్యక్షుడే అన్నడు గద."

 నేసినవాళ్లే సభ్యులన్న తన తీర్మానమే దశరథానికి అడ్డం పడింది. ఆయన తేరుకునేలోగా రాసేశాను.

ఆ సాయంత్రం బుచ్చయ్య రాలేదు. రాజమణి వచ్చింది. మగవాళ్ల మధ్య సిగ్గుతో చచ్చిపోతూ, తల వంచుకుని, మామ కూర్చునే జాగాలోనే కూర్చుంది. సభ్యురాలిని లెమ్మనే దమ్ము దశరథానికి లేకపోయింది. వార్తలు కాగానే లేచి గబగబా ఇంటికి నడిచింది. నేను ఉండబట్టలేక వెనకే వెళ్లాను.

బుచ్చయ్య గడపలో కూర్చుని ఉన్నాడు. రాజమణి గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఆహార మంత్రిని సరిహద్దుకు పంపింది. రక్షణ మంత్రి చేత బియ్యం పంచిపెట్టించింది. ఆ మంత్రులంతా బుచ్చయ్యకు కంఠతా వచ్చు. అయినా ఒక్క ముక్క దిద్దలేదు.

"ఇంకేం జెప్పిండ్రు బిడ్డా?" అన్నాడు.