చూసేవాళ్ళు పెట్టే గుర్తు

జలాశయం గేట్ల ముందు, నీటి అడుగున, ఇనుప జాలీలు ఉంటాయి. కొట్టుకొచ్చిన కొమ్మలు, గోనెసంచులు, తెగిన వలలు వాటికి చుట్టుకుంటాయి. గాలి సిలిండర్ వీపున కట్టుకుని దిగి, వాటిని కోసి తీసేవాళ్ళలో ఆమె ఒకతె. నలభై దాటింది. అందరూ నీటికోడి అంటారు. ఆ పేరు పెట్టింది ఆమెతో జతగా దిగే పెద్దాయన. ఆయన్ని ఆమె బాబాయ్ అనేది. చుట్టరికం లేదు.

కింద నీళ్ళు చిక్కటి టీ రంగు. మొహాలు అద్దాల వెనక. ఒళ్ళంతా నల్ల రబ్బరు సూటు. అక్కడ మనిషంటే గుర్తే. కాళ్ళకు తొడిగే రబ్బరు రెక్కల, అంటే ఫిన్స్ అంచున రంగు, జాకెట్ వీపున లైటు పడితే మెరిసే టేపు, మాస్క్ పట్టీ మీద ఒక చుట్టు. ఎరుపు పనికిరాదు. కాస్త లోతుకు పోగానే నల్లబడుతుంది.

వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఎవరి సామానుకు వాళ్ళు గుర్తు పెట్టుకోరు. జతవాడు పెడతాడు. ఎవరి వీపు వాళ్ళకు కనపడదు. వెతికేవాడి కంటికి ఏది ఆనుతుందో వాడికే తెలియాలి. జత విడిపోతే పెట్టినవాడే తీసెయ్యాలి. పాత గుర్తు ఉంచితే, లేని మనిషి కోసం వెతకాల్సి వస్తుంది.

బాబాయ్ చెవి పాడైంది. ఇక దిగొద్దని డాక్టరు చెప్పాడు. చివరి రోజు ఒడ్డు మెట్ల మీద కూర్చుని ఆమె జాకెట్ మీది తెల్ల పట్టీలు ఊడదీశాడు. మిగిలిన జిగురును కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. ఫిన్స్ అంచున రంగును చాకుతో గీకాడు. చాలా శ్రద్ధగా చేశాడు.

"కొత్తదానిలా ఉంది," అని ఇచ్చాడు.

ఆమె ఆయనకు వినపడని వైపు నిలబడి ఉంది. జాకెట్ అందుకుంది.

తర్వాత ఆమెకు ఒడ్డున తాడు పట్టుకునే పని మిగిలింది. మిగతావాళ్ళంతా జతలే. గుర్తు లేనిదే దింపనని సూపర్‌వైజర్ చెప్పాడు. వానలు మొదలయ్యేలోగా ఎవరూ కలుపుకోకపోతే స్టోరుకు మార్చేస్తానన్నాడు. కోపంగా కాదు. స్టోరులో ఫ్యాన్ ఉందని కూడా చెప్పాడు.

ఆమె గది లాండ్రీ వెనక. అటువైపు గోడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. తడి సూటు తలుపుకు తగిలిస్తే ఎవరో నిలబడ్డట్టు ఉంటుంది. మొదట్లో ఉలిక్కిపడేది. ఇప్పుడు దానికి దారిచ్చి పక్కనుంచి వెళుతుంది.

అక్క ఆదివారాలు ఫోన్ చేస్తుంది. ఇంకెన్నాళ్ళు నానతావే, ఒడ్డు మీద కూడా మనుషులుంటారు, కాస్త చూడు అంటుంది. ఈసారి ఆమె గుర్తు సంగతి చెప్పింది. అక్క వెక్కిరించలేదు.

"అడగందే అమ్మయినా పెట్టదు. నోరు తెరిచి అడుగు," అంది.

సరే అంది గానీ అడగలేదు. అడిగి పెట్టించుకుంటే అది సామానుకు రంగు, అంతే అనిపించింది.

చివరికి సూపర్‌వైజరే ఆమెను ఒక జతకు మూడో మనిషిగా వేశాడు. వాళ్ళు బావా బావమరుదులు. ఒకే బండి మీద వస్తారు, దారంతా తిట్టుకుంటారు, ఒకే క్యారియర్ విప్పుకుని తింటారు. బావమరిది వీపున బావ చిలకపచ్చ టేపుతో పెద్ద సున్నా అంటించాడు. మా ఆవిడ పుట్టింటి ఆస్తి మొత్తం అదేనంటాడు. బావ వీపున అడ్డంగా ఒకటే పసుపు గీత. మా బావ దేనికైనా అడ్డమే కదా అని చిన్నవాడి జవాబు.

"రామ్మా, మనిషితో మాట్లాడి చాలా రోజులైంది," అన్నాడు బావ, పక్కవాణ్ణి చూస్తూ.

ఆ సాయంత్రం ఆమె జాకెట్‌ను వీపు బయటికి కనపడేలా కొక్కేనికి తగిలించి ఇంటికి వెళ్ళింది. తెల్లారి వచ్చి చూసింది. నల్లగానే ఉంది.

బావమరిది పెట్టి ఉంటాడని బావ అనుకున్నాడు. బావ పెట్టి ఉంటాడని బావమరిది అనుకున్నాడు. చిన్నవాడి చేతిలో టేపు చుట్ట చూసి సూపర్‌వైజర్ కూడా అడగలేదు. తెలిసింది ఆమెకు ఒక్కదానికే. చెబితే ఒడ్డునే ఉండమంటారు. జాకెట్ తొడుక్కుని, పడవ అంచుకు వీపు ఆనించి కూర్చుంది.

దిగారు. జాలీకి పెద్ద వల పట్టి ఉంది. కోస్తుంటే అడుగున బురద లేచింది. వాళ్ళిద్దరూ పని ఆపి, పద్ధతి ప్రకారం ఒకరినొకరు చూసుకున్నారు. సున్నా దొరికింది, గీత దొరికింది. తర్వాత ఆమె కోసం లైటు తిప్పారు. ఆమె జాలీ పట్టుకుని, వాళ్ళకు వీపు పెట్టి, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంది. లైటు ఆమె భుజం మీదుగా జారిపోయింది. మళ్ళీ వచ్చింది. ఇనుప ఊచల మీద ఆగినంతసేపే ఆమె మీదా ఆగి, వెళ్ళిపోయింది.

ఆమె కదలలేదు. మూడోసారి వస్తుందేమోనని చూసింది.

వాళ్ళు అవతలికి ఈదడం మొదలుపెట్టారు, లోతు వైపు, ఆమెను వెతుకుతూ. అప్పుడు కత్తి పిడితో సిలిండర్ మీద కొట్టింది. ఆగకుండా కొట్టింది.

పైకొచ్చాక బావ మాస్క్ లాగేశాడు. మొహం పాలిపోయింది.

"పక్కనే ఉండి పలకవేం?"

"పలికాను కదా."

"ముందే ఎందుకు పలకలేదంటున్నా."

ఆమె పడవ వైపు తిరిగింది. బావమరిది ఆమె వీపు వైపు చూశాడు.

"నువ్వు పెట్టావనుకున్నా బావా," అన్నాడు మెల్లగా.

"నేను నీ మీద వదిలేశాన్రా."

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఒకరినొకరు తిట్టుకోలేదు. అది అందరూ గమనించారు.

మధ్యాహ్నం బావ వచ్చి ఆమె ఫిన్స్ అడిగి తీసుకున్నాడు. షెడ్డు నీడలో కూర్చుని, వాటిని ఒళ్ళో పెట్టుకుని, బ్రష్షుతో తెల్లరంగు వేశాడు. బ్రష్షును మరీ ఎక్కువగా ముంచాడు. రంగు అంచు దాటి కారింది. బావమరిది జాకెట్ మీద టేపు అంటించాడు. ఏ ఆకారం కావాలని అడిగాడు. ఆమెకు ఏదీ తోచలేదు. రెండు నిలువు గీతలు పెట్టాడు. వేళాకోళం ఏమీ చెయ్యలేదు.

"రేపు మాతోనే దిగుతుంది," అని బావ సూపర్‌వైజర్‌కు చెప్పాడు. స్టోరు మాట మళ్ళీ రాలేదు.

సాయంత్రం వాళ్ళిద్దరూ బండెక్కి వెళ్ళిపోయారు. రంగు ఇంకా ఆరలేదు. ముట్టుకుంటే వేలికి అంటింది. గాలికి దుమ్ము లేస్తోంది. ఆమె ఫిన్స్‌ను గాలికి అడ్డంగా ఉన్న గోడ పక్కకు జరిపి, వాటి ముందు కూర్చుంది. షెడ్డుకు తాళం వేసేవాడు వచ్చి, ఇంటికి వెళ్ళలేదేం అని అడిగాడు.

"ఇది ఆరాలి," అంది.

అతను తాళం ఆమెకిచ్చి వెళ్ళాడు.