వదిన ఎక్కిన కొండలు

పోయిన నెల మా వదిన సంవత్సరీకం నాడు, నాంపల్లి స్టేషన్ వెనక సందులోని ఇంట్లో భోజనాలయ్యాక, చుట్టాలందరి ముందూ మా అన్న కండువాతో కళ్లొత్తుకుంటూ, "పాపం, పొయ్యి ముంగట్నే బతుకంత ఎళ్లదీసింది, ఏ ఊరు చూడలే, ఏ కోరికా కోరలే" అన్నాడు. నేను ఉండబట్టలేక, వదిన శ్రీలంకకు పోయి రెండు కొండలెక్కిందనీ, ఆ కొండల దగ్గరిదాకా సైకిల్ తొక్కుకుంటూనే పోయిందనీ అందరికీ వినబడేటట్టు చెప్పాను. చుట్టాలు నవ్వారు. అన్న మాత్రం నవ్వకుండా, "దీనికి వయసు మీద పడ్డది, నా ముచ్చట తీస్కపోయి ఆమెకు అతికిస్తున్నది" అన్నాడు. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు. నా ఈడు వాళ్లయినా నమ్ముతారేమోనని ఇది రాస్తున్నాను.

వదినది మెదక్ వైపు పల్లె. పెళ్లికి ముందు పొలంలో ఉన్న తండ్రికి సద్ది కట్టుకుని గతుకుల బాటలో సైకిల్ మీద పోయేదట. అన్నకు ఆబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణం ఉండేది. నేను గౌలిగూడలో ఒక బడిలో కొత్తగా పంతులమ్మగా చేరి, ఇంకా పెళ్లి కాక అన్న దగ్గరే ఉండేదాన్ని. మా ఇద్దరికీ కలిపి ఒక పాత లేడీస్ సైకిల్. తెల్లవారకముందే బయలుదేరి, వంతులేసుకుని తొక్కుతూ నౌబత్ పహాడ్ గుట్ట దాకా పోయేవాళ్లం. నా వంతప్పుడు నేను దిగి తోసుకుంటూ నడిచే ఆ ఎత్తును, తన వంతప్పుడు వదిన కుచ్చిళ్లు దోపుకుని ఒక్క ఊపున ఎక్కేసి, పైన నిలబడి నాకోసం చూసేది.

అన్నకూ సైకిల్ పిచ్చి ఉండేది గానీ అది మాటల్లోనే ఎక్కువ. దుకాణాల స్నేహితులతో కలిసి లంకలో సైకిళ్ల మీద తిరిగి కొండలెక్కుదామని అనుకున్నప్పుడు వదిన తననూ, నన్నూ తీసుకుపొమ్మని అడిగింది. మొదట కసురుకున్నాడు. స్నేహితుల భార్యలూ వస్తున్నారని తెలిశాక, కాదంటే బాగుండదని మా ఇద్దరికీ సరేనన్నాడు.

అక్కడ అన్నిటికన్నా ఎత్తయిన కొండ మీద మిలిటరీ వాళ్లుంటారట, నడవనివ్వరు. అందుకని దాని తరువాతి రెండింటికి పోదామనుకున్నాం. సైకిళ్లు అక్కడే కిరాయికి తీసుకున్నాం. టీ తోటల మధ్య మెలికలు తిరిగే రోడ్డు, పైన సన్నటి వాన. సగం దూరం పోయేసరికి అన్నకు ఊపిరి అందలేదు, సైకిల్ పక్కన పడేసి, మా వెనకే వస్తున్న సామాన్ల వ్యాన్‌లో కూర్చున్నాడు. అందులో తప్పేమీ లేదు. కానీ వదినను చూసి, "నువ్వు గూడ ఎక్కు, నలుగురు నవ్వుతరు" అన్నాడు.

"మీరు పోన్రి, నేను తొక్కుకుంటనే వస్త" అంది వదిన. పెళ్లయిన నాటినుంచి ఆమె మా అన్నకు ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

మర్నాడు అన్న బసలోనే పడుకున్నాడు. మేము మిగతావాళ్లతో కలిసి ముందు చిన్న కొండ, తరువాత జలగల గడ్డిలో చాలా దూరం నడిచి పెద్ద కొండ ఎక్కాం. పైన మబ్బులు మా కాళ్ల కింద ఉన్నాయి. అందరూ దిగుదామంటుంటే వదిన రాతి మీద కూర్చుని, "జర ఆగున్రి, ఇంకొంచెంసేపు" అని చిన్నపిల్లలా బతిమాలింది. ఆ ముఖం మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

ఊరికి వచ్చాక కథ మారిపోయింది. దుకాణానికి వచ్చినవాళ్లకు, ఇంటికి వచ్చినవాళ్లకు, అన్న తానే కొండెక్కినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. వదిన చాయ్ కప్పులు అందిస్తూ అదంతా వినేది. ఒకసారి నేను అడ్డుపడితే వంటింట్లోకి పిలిచి, ఇంట్లో లొల్లి వద్దని నా చెయ్యి పట్టుకుంది. అయినా అన్న మనసు చల్లారలేదు. ఒక సాయంత్రం బడినుంచి వచ్చేసరికి సైకిల్ లేదు, అమ్మేశాడు. నేను ఏడుస్తుంటే వదినే నన్ను ఓదార్చింది: "పోనియ్, టైర్లు గూడ అరిగిపోయినయ్ గదా."

తరువాత ఆమె మోకాళ్లు పోయాయి. దవాఖానకు ఆటోలో పోవడమే ఆమెకు ప్రయాణమయింది.

ఇప్పుడు ఆదివారాల పొద్దున ఆబిడ్స్ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఆడపిల్లలు హెల్మెట్లు పెట్టుకుని గుంపులుగా సైకిళ్ల మీద పోతుంటారు, హోటల్ ముందు ఆగి చాయ్ తాగుతారు, ఎవరూ తలతిప్పి చూడరు. వాళ్లను చూసి సంతోషించాలనే అనుకుంటాను, కానీ ముందు వచ్చేది కోపమే. కాలం మారిందంటారు, నిజమే కావచ్చు. మా సందులోకి వచ్చేసరికి మాత్రం చాలా ఆలస్యం చేసింది.