డాక్టరమ్మ పరుపు గురించి అడిగింది

ఆరేళ్ళ నుంచి ఒక పరుపును మోస్తున్నాను. అది ఇప్పుడు నా ఇంట్లో లేదు. ఎక్కడుందో కూడా తెలియదు. అయినా మోస్తున్నాను. మా ఆయనకు సగం తెలుసు. మిగతా సగం ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు మొత్తం చెబుతాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే అక్కడే పట్టుకోండి. ఆ అలవాటు నాకుంది.

పేరు చెప్పను. కువైట్‌లో, ఫహాహీల్‌లో ఉంటాను. సొంతూరు కడప పక్కన. డిగ్రీ చదివాను. ఇంగ్లీషు బాగా వచ్చు, అరబిక్ పోట్లాటకు సరిపడా వచ్చు. మా ఫ్లాట్‌లో ఒక గదిని ఇక్కడ ఉద్యోగాలు చేసుకునే మన ఆడవాళ్ళకు మంచాల లెక్కన అద్దెకిస్తాను. ఒక మంచం, బీరువాలో ఒక అర, వంటింట్లో వంతు. చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళకు ఏ చిక్కొచ్చినా నన్నే వెంటబెట్టుకుపోతారు. జీతం ఆపిన దుకాణానికి, ఇక్కడ ఉండనిచ్చే కార్డు ఇఖామా కోసం తిప్పుతున్న ఆఫీసుకి, ఆసుపత్రికి. "అక్క నోరు తెరిస్తే సాలు" అంటారు. ఆ మాటకు నేను పొంగిపోయేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది ఆ నోటి సంగతే.

ఆ ఎండాకాలం నడుము నొప్పి భరించలేక అల్ రాయ్‌లో ఒక గోడౌన్ దగ్గర ఫోమ్ పరుపు కొన్నాను. కొత్త వస్తువుకు ప్లాస్టిక్ కవరు తీయకుండా వాడటం ఇక్కడ మనవాళ్ళ పద్ధతి. సోఫాకు, కారు సీటుకు, రిమోటుకు కూడా కవరు ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. కవరు ఉన్నంతకాలం వస్తువు కొత్తదే. ఊరికి పోయేటప్పుడు ఇంకొకరికి కొత్తదని అమ్మొచ్చు. నేను మాత్రం నడుముకు మెత్తగా తగలాలని కవరు తీశాను. తీయగానే వాసన. కొత్త చెప్పుల పెట్టె తెరిచినట్టు, దాని అడుగున జిగురులాంటిది ఇంకేదో. రెండు రోజుల్లో పోతుందిలే అనుకున్నాను. పోలేదు. తలనొప్పి మొదలైంది. కళ్ళు మండేవి. గొంతు లోపలి నుంచి ఎవరో బిగించినట్టుండేది. మెడ మీద, మోచేతుల మీద ఎర్రటి దద్దుర్లు. వంటింట్లో ఉన్నంతసేపూ తగ్గేది, వచ్చి పడుకుంటే మళ్ళీ మొదలయ్యేది. హాల్లో సోఫా మీద పడుకున్న రోజు అసలు రాలేదు. మా ఆయన అదే పరుపు మీద హాయిగా గురక పెట్టాడు. కొందరికి పడుతుంది, కొందరికి పడదు.

అంటే నాకు తెలుసు. ఈ ముక్క ఇక్కడే రాసిపెడుతున్నాను, తర్వాత నేనే తప్పించుకోకుండా.

గోడౌన్ వాడితో అరిచాను. కవరు తీసిన సరుకు వెనక్కి తీసుకోం, ఖలాస్, అని ఫోన్ పెట్టేశాడు. నేను ఓడిపోయిన పోట్లాటలు తక్కువ. ఆ ఓటమి నాకు దద్దుర్ల కంటే ఎక్కువ మండింది. సరిగ్గా అప్పుడే గదిలో ఒక మంచం ఖాళీ అయింది. ఆ మంచానికి మంచి పరుపు లేదు. పరుపుకు మళ్ళీ కవరు తొడిగి, కోసిన అంచును టేపుతో అతికించి, ఆ మంచం మీద వేశాను. కవరుంటే వాసన లోపలే ఉంటుందని అనుకున్నాను. అనుకున్నాను అనడం కూడా సరికాదు. అలా అనుకోవాలని తీర్మానించుకున్నాను.

ఆ మంచానికి వచ్చింది ఓబులమ్మ. రాయచోటి పక్క పల్లె. ఫహాహీల్ బజారులో ఆడవాళ్ళ బట్టలు కుట్టే దుకాణంలో కాజాలు, గుండీలు కుట్టే పని. అంతకుముందు వచ్చినప్పుడు ఒక అరబ్బు ఇంట్లో మామా దగ్గర, అంటే యజమానురాలి దగ్గర పనిచేసి, బియ్యం బస్తాల గదిలో నేల మీద పడుకుందట. కాళ్ళు పట్టుకుని ఏజెంటును బతిమాలి ఈ దుకాణం వీసా తెచ్చుకుంది. రోజంతా ఏసీలో కూర్చుని చేసే పని దొరికిందని ఆమె సంబరం. పరుపు మీద చెయ్యి పెట్టి, "కవరు గూడా తియ్యలేదే, ఇది నాకేనా అక్కా?" అంది. నీకు కాక నాకా అన్నాను.

ఆ జవాబు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఎంత గబుక్కున వచ్చింది నా నోటి నుంచి!

కవరు తీయొద్దని గట్టిగా చెప్పాను. కానీ ప్లాస్టిక్ చెమటకు అంటుకుంటుంది, కదిలితే చప్పుడు చేస్తుంది, పక్క మంచాల వాళ్ళు విసుక్కున్నారు. ఆమె తల వైపు కవరును వెనక్కి మడిచి పరుపు కిందికి తోసింది. ఆ గదికి ఒకటే కిటికీ. ఎండకు అద్దానికి వెండి కాగితం అంటించి, దుమ్ము రాకుండా టేపు వేసి మూసేశాం. అలాంటి గదిలో, ముఖం ఆ ఫోమ్‌కు ఆనించి పడుకుంది.

దగ్గు వచ్చింది. కళ్ళు ఉబ్బాయి. మెడ మీద దద్దుర్లు, నాకు వచ్చినచోటే. పొద్దున లేవగానే ఆయాసం. నేను చూశాను. చూసి ఏం చేశాను? గదిలో అందరి ముందూ, బియ్యం బస్తాల పక్కన పడుకున్న ఒంటికి కొత్త పరుపు పడుతుందా అని ఎగతాళి చేశాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఉన్న నిజాన్ని ఉన్నట్టే చెప్పాను, ఎవరూ నమ్మని విధంగా. నిజం దాచడానికి ఇంత సులువైన దారి ఉందని నాకు అంతకుముందు తెలియదు.

తర్వాత గదిలో మిగతా ఇద్దరూ టీబీ అన్నారు. ఆమె గ్లాసు వేరు చేశారు. ఆమె ఉంటే మేం ఉండం అన్నారు. దుకాణం యజమాని, ఆమె వీసాకు పూచీ ఉన్న కఫీల్ కూడా, బాగై వస్తే రా, లేకపోతే ఇఖామా పొడిగించను అన్నాడట. ఓబులమ్మ నా కొంగు పట్టుకుంది. ఏ రోగమో తేల్చుకుని నయం చేసుకుంటేనే ఆ పని నిలుస్తుంది. పని నిలిస్తేనే ఆమె కువైట్‌లో ఉంటుంది. ఇంతే ఆమె లెక్క. ఆసుపత్రికి నేనే తీసుకుపోయాను. ఎవరు తీసుకుపోతారు మరి?

డాక్టరమ్మ ఈజిప్టు ఆవిడ. ఇంగ్లీషులో మాట్లాడింది. ఓబులమ్మకు ఇంగ్లీషు రాదు, అరబిక్ వంటింటి వరకే. ఆ గదిలో ఇద్దరి మధ్యా నేనొక్కదాన్నే నోరు. ఛాతీకి గొట్టం పెట్టి చూసింది, మెడ చూసింది, కళ్ళు చూసింది. పెన్ను పక్కన పెట్టి, నింపాదిగా అడిగింది: "పడుకునే చోట ఈ మధ్య కొత్తగా ఏమైనా వచ్చిందా? గోడలకు రంగు, తివాచీ, పరుపు?"

పరుపు అంది. మూడో మాటగా. నేను వినలేదని చెప్పుకునే అవకాశం కూడా లేదు.

ఓబులమ్మ నా వైపు తిరిగి, "ఏమంటాందక్కా?" అంది.

"ఏం తింటాండావని అడుగుతాంది."

ఆమె పాపం సీదాగా కూర్చుంది, పరీక్షలో కూర్చున్నట్టు. "ఏం తింటానక్కా ఈడ? సంగటి యాడ దొరుకుతాది? పొద్దున ఖుబ్బూసు రొట్టె, సందేళ అన్నం. చేపలు తిన్లేదని చెప్పు. వంకాయ గూడా మానేసినానని చెప్పు."

నేను డాక్టరమ్మ వైపు తిరిగాను. "కొత్తగా ఏదీ లేదు డాక్టర్."

"పరుపు?"

"పాతదే."

అంతే. డాక్టరమ్మ తల ఊపి, అలర్జీ మాత్రలు రాసింది, పీల్చే మందు రాసింది, టీబీ పరీక్షకు పంపింది. బయటికొచ్చాక ఓబులమ్మ, వంకాయ తినొచ్చంటనా అని అడిగింది.

ఎందుకు చేశాను? ఈ ప్రశ్నతో నేను నాతో ఎన్నిసార్లు పోట్లాడానో. పరుపు డబ్బుల కోసమా? అది కొంచెమే. పరుపు అని ఒప్పుకుంటే, దాని మీద ముందు నేనే పడుకున్నానని, నాకూ ఇవే దద్దుర్లు వచ్చాయని, తెలిసే ఇచ్చానని ఒప్పుకోవాలి. ఊళ్ళో వాళ్ళందరి తరఫున న్యాయం అడిగే ఆడదాన్ని నేను. ఆ పేరు పోతుంది. ఒక మనిషి ఊపిరికీ నా పేరుకీ మధ్య నిలబడి, నేను పేరును ఎంచుకున్నాను. క్షణం కూడా పట్టలేదు. అప్పుడు తడబడి ఉంటే ఈపాటికి నన్ను నేను కొంచెం క్షమించుకునేదాన్నేమో.

టీబీ లేదని తేలింది. గదిలో ఎవరూ నమ్మలేదు. టీబీ కాకపోతే ఇంకేదో అన్నారు. మాత్ర వేసుకుంటే కాస్త తగ్గేది, వచ్చి అదే పరుపు మీద పడుకునేది. ఆ పరుపు తీసేసి కింద చాప వేసుకోమని ఒక్క మాట అనొచ్చు కదా? అంటే అక్కడితో ఆగదు, కారణం అడుగుతారు. ఆ ఒక్క మాట కూడా అనలేదు. కఫీల్ చివరికి ఇఖామా రద్దు చేశాడు. టికెట్ వచ్చేదాకా ఓబులమ్మ సులైబియాలో తన చెల్లెలి దగ్గర, కోళ్ళ ఫారం పక్కన రేకుల గదిలో ఉంది. అక్కడికి పోయిన నాలుగైదు రోజులకే దగ్గు పోయింది. ఊరికి పోతాండానని ఒళ్ళు కూడా సంతోషపడినట్టుందక్కా అని నాకు ఫోన్ చేసి చెప్పింది. నువ్వు లేకుంటే ఆ పొద్దు ఆసుపత్రిలో నా గతేమయ్యేదో అని కూడా అంది. అప్పటికి ఆమె ఇంకా కువైట్‌లోనే ఉంది. కఫీల్ దగ్గరికి పోయి పోట్లాడటానికి నాకు ఇంకా సమయం ఉంది. జాగ్రత్తగా పో అన్నాను.

పరుపును కిందికి ఈడ్పించి చెత్త డబ్బా పక్కన పడేయించాను. వీధి ఊడ్చే బంగ్లాదేశ్ మనిషి దాన్ని తడిమి చూసి, మురిసిపోతూ బండికెత్తుకున్నాడు. నేను బాల్కనీలో నిలబడి చూశాను. పిలవొచ్చు. పిలవలేదు. అతనికి పడిందో లేదో నాకు తెలియదు, తెలిసే దారీ లేదు.

ఆరేళ్ళు గడిచాయి. ఈ మధ్య గదిలోకి ఓబులమ్మ ఊరి అమ్మాయే ఒకతె వచ్చింది. మాటల మధ్యలో ఆమె సంగతి వచ్చింది. కువైట్‌లో ఏదో రోగం తగిలి వచ్చిందని ఇక్కడి వాళ్ళు ఊరిదాకా మోశారట. ఇంట్లో ఇప్పటికీ ఆమె గ్లాసు, కంచం వేరు. మనవరాలిని ఎత్తుకోనివ్వరు. ఏజెంటు రెండుసార్లు మంచి వీసా ఉందని పిలిస్తే, నా ఒళ్ళు పనికిరానిది సామీ అని పంపేసిందట. వాళ్ళు అనడం కాదు, ఆమే నమ్మింది.

ఇది విన్నాక ఇంక నాతో నేను వాదించలేదు. మొదట, గదిలో ఉన్న ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాను. ఒకామె మంచం ఖాళీ చేసి వెళ్ళిపోయింది, నా వంక చూడకుండా. సరే. పోయిన శుక్రవారం ఆ అమ్మాయి దగ్గర నంబరు తీసుకుని ఓబులమ్మకు ఫోన్ చేశాను. క్షేమ సమాచారాలు అడగలేదు. అడిగితే చెప్పలేనని తెలుసు. పరుపు నాదని, నాకు పడలేదని, తెలిసే నీకిచ్చానని, డాక్టరమ్మ పరుపు గురించే అడిగిందని, నీకు వేరేది చెప్పి ఆమెకు అబద్ధం చెప్పానని, నీ ఒంట్లో అప్పుడూ ఇప్పుడూ ఏ రోగమూ లేదని చెప్పాను. మధ్యలో ఎక్కడా కానీ, అయితే, అనలేదు.

నేను జవాబులు సిద్ధం చేసుకుని ఉన్నాను. తిడితే ఒకటి, ఏడిస్తే ఒకటి, పోనీలే అక్కా అంటే ఒకటి. ఏదీ పనికిరాలేదు. ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడైంది. తర్వాత దూరంగా ఆమె గొంతు.

"అత్తా, ఇట్లా రా. నాకే రోగమూ లేదంట. ఆ పొద్దు పరుపు పడలేదంట నాకు, అంతేనంట. ఇంటివా? పాపను ఇట్లా తీసకరా."

వాళ్ళత్త ఏదో గొణిగింది. ఓబులమ్మ అదే మాట మళ్ళీ చెప్పింది, ఈసారి వాకిట్లో వాళ్ళకు కూడా వినబడేటట్టు. నాతో ఒక్క మాట అనలేదు. ఫోన్ కట్ చేయలేదు, చెవి దగ్గరికీ తీసుకోలేదు. ఎవరో పిల్ల నవ్వు వినబడింది. ఫోన్ దానంతటదే ఆగిపోయేదాకా నేను పెట్టలేదు.

తిరిగి ఆమె చేయలేదు. చేయాలని నేను ఎదురుచూడకూడదు. కఫీల్ దగ్గర పోయిన పని, వేరుగా పెట్టిన కంచం, ఆ ఆరేళ్ళు, వీటిలో నేను వెనక్కి ఇవ్వగలిగింది ఏదీ లేదు. అయినా ఫోన్ పెట్టాక నాకు తేలికగా అనిపించింది. నా మీద అసహ్యం వేస్తే వేయనివ్వండి. తేలికగానే అనిపించింది. ఇన్ని చెప్పి, దాన్నొక్కదాన్నీ దాచడం ఎందుకు?