కట్ అన్నాక పడిన దెబ్బలు

జగ్గయ్యపేట ఆస్పత్రిలో మా పెద్దమ్మ పెదవికి కుట్లు వేయించి ఇప్పుడే ఇంటికొచ్చాను.

నందిగామ నుంచి వచ్చినవాళ్లు మా వీధిలో యూట్యూబ్ కోసం చేతబడి సినిమా తీస్తున్నారు. మంత్రగత్తె వేషం పెద్దమ్మది. డెబ్బై దాటిన మనిషి, సరదాపడి ఒప్పుకుంది. తెల్లజుట్టు విరబోసి, మొహాన కుంకుమ పులిమి వీధి మధ్యలో కూర్చోబెట్టారు. ఊరి జనం ఆమెను కొట్టే సీను. జనమంటే మా వీధి కుర్రాళ్లే, చేతుల్లో వేపమండలు.

డైరెక్టర్ "యాక్షన్" అనగానే మీద పడ్డారు. "కట్" అని అరిచినా ఆగలేదు. జుట్టు పట్టి ఈడ్చారు. ఒకడు మూతి మీద తన్నాడు. నేను వెళ్లి లాగేసేసరికి కుంకుమేదో నెత్తురేదో తెలియలేదు.

తన్నినవాడి చొక్కా పట్టుకున్నాను. "నిజంగా తన్నావేంట్రా?"

"సీన్లోకి వెళ్లిపోయానండి. నిజం మంత్రగత్తెలాగే కనిపించింది."

పెద్దమ్మ నెత్తురు ఉమ్మేసింది. "నిజం మంత్రగత్తె అనుకుంటే నా దగ్గరికొచ్చేవాడివా? ఏం చెయ్యలేని ముసల్దాన్నని తెలిసే తన్నావు."

సీను అదిరిందట. ఆ తన్ను స్లోమోషన్‌లో పెడతారట. అక్కడ లైకు కొట్టేవాళ్లెవరో ఇప్పుడే చెప్పండి, నా చేతిలో ఇంకా ఓపికుంది.